ఏ సెంటరులో రాశావు?

నేను తిరువూరులో చరిత్ర ఉపన్యాసకుడిగా పనిచేసిన రోజుల్లో, మా ఊరి పేరు చెప్పగానే ఎదుటివారి ముఖంలో ఒక చిన్న మార్పు వచ్చేది. దాన్ని నవ్వు అనలేను. నవ్వడానికి ముందు పెదవి ఒక మూల కొద్దిగా కదులుతుందే, అది. బెజవాడలో ఒక పెళ్లి విందులో నా పక్కన కూర్చున్న పెద్దమనిషి, నేను డిగ్రీ కళాశాలలో పాఠం చెబుతానని విని గౌరవంగా జరిగి చోటిచ్చాడు. ఏ ఊళ్లోనని అడిగాడు. చెప్పాను. "ఓహో, తిరువూరా అండి" అని, తన విస్తరి వైపు తిరిగి పప్పు కలుపుకున్నాడు. భోజనం ముగిసేదాకా మళ్లీ నాతో మాట్లాడలేదు.

ఆ మూతి విరుపుకు కారణం ఉంది. డెబ్బైలలో మా కళాశాల, ఉద్యోగాలు చేసుకుంటూ ప్రైవేటుగా బి.ఏ.కు కట్టేవారికి పరీక్షా కేంద్రంగా ఉండేది. గుమాస్తాలు, గ్రామసేవకులు, స్టేషను రైటర్లు, సమితి బడుల పంతుళ్లు ఏటా ఏప్రిల్ నెలలో ట్రంకు పెట్టెలతో మా ఊళ్లో దిగేవారు. వారిలో చాలామందికి తమ ఊరి దగ్గరలోనే వేరే కేంద్రాలు ఉండేవి. వాటిని వదిలి ఇంత దూరం, ఈ మెట్ట ప్రాంతానికి ఎందుకు వస్తున్నారని ఎవరూ అడిగేవారు కారు. ఇక్కడ పరీక్ష తేలికని జిల్లా అంతా చెప్పుకునేది. అందుచేత తిరువూరులో డిగ్రీ తెచ్చుకున్నవాడు ఏ ఇంటర్వ్యూకు వెళ్లినా ఎన్ని మార్కులని అడిగేవారు కారు. "ఏ సెంటరులో రాశావు?" అని అడిగేవారు.

పరీక్షల నెలలో మా వీధి వీధంతా ముందుగదులు అద్దెకిచ్చేది. ఇచ్చిన మరుక్షణం నుంచి ఇచ్చినవారు అనుమానించడం మొదలుపెట్టేవారు. మా ఎదురింట్లో రిటైరైన కాంపౌండరు గారు ఉండేవారు. అద్దెకు వచ్చినవారు దిగిన రోజునే ఆయన ఇత్తడి చెంబులన్నీ లోపలి గదిలోకి చేర్చి, మంచినీళ్లకు అల్యూమినియం గ్లాసు ఒకటి బయట పెట్టేవారు. తాము పరీక్షకు వెళ్లినప్పుడు ఆయన పెట్టె తెరిచి చూస్తాడని వచ్చినవారి అనుమానం. ఒకే గదిలో ముగ్గురుంటే ముగ్గురూ గోడవైపు తిరిగి చదివేవారు, ఎవరి గైడులో ఏ పేజీ మడిచి ఉందో మిగతావారి కంట పడకూడదని. మెస్సులో పక్కపక్కన కూర్చుని తినేవారు కాని సొంత ఊరు సరిగ్గా చెప్పేవారు తక్కువ. తనది ఏలూరు పక్కనని నాతో అన్న మనిషి, పరీక్షలైన రోజున ఖమ్మం బస్సెక్కడం నేనే చూశాను. పై అధికారికి తెలియకుండా వచ్చినవారు కొందరైతే, ఇక్కడ రాశామని తెలిస్తే చులకన అవుతామని దాచుకునేవారు మరికొందరు.

నేను ఈ ఊరికి బందరు నుంచి వచ్చాను. మా ఇంట్లో చెప్పులు విడిచే చోటు సైతం నిర్ణయించి ఉండేది. ఉద్యోగంలో చేరిన మొదటి ఏప్రిల్‌లోనే ప్రిన్సిపాలు గారిని అడిగి రెండో నంబరు హాలును నా అధీనంలోకి తీసుకున్నాను. అభ్యర్థులు చెప్పులు వరండాలో విడవాలి. జేబురుమాళ్లు బల్లమీద పరిచి ఉంచాలి. చొక్కా చేతులు మోచేతుల దాకా మడవాలి. స్కేలు వెనుక, ఇంకుసీసా అడుగున, జామెట్రీ పెట్టె మూతలోపల ఉన్న కాగితం కింద, అన్నీ చూసేవాణ్ణి. ఒకతను బొటనవేలికి గుడ్డ కట్టుకుని వస్తే విప్పించాను. నిజంగానే పుండు ఉంది. నేను క్షమాపణ చెప్పలేదు. మరునాడు మళ్లీ విప్పించాను.

ఒక్క విషయంలో నా ఏర్పాటు అసంపూర్ణంగా మిగిలింది. స్త్రీ అభ్యర్థులను సోదా చేయడానికి మా కళాశాలలో మహిళా ఉద్యోగి ఎవరూ లేరు. వచ్చే స్త్రీలే ఏడాదికి అయిదారుగురు. వారిని చూడవలసిన పద్ధతిలో చూడలేకపోవడం వల్ల, మగవారిమీద కంటే వారిమీదనే నాకు ఎక్కువ అనుమానం ఉండేది.

విశ్వవిద్యాలయం వారు అప్పుడప్పుడు తనిఖీకి స్క్వాడును పంపేవారు. వారి జీపు విస్సన్నపేట వైపు నుంచి రావాలి. రోడ్డు సన్నం. ఆ దారిన వచ్చే బస్సు డ్రైవరు, వెనుక జీపు కనిపిస్తే, దానికి దారివ్వకుండా ఊరి పొలిమేర దాకా నడిపించుకొచ్చి, కళాశాల మలుపులో మూడుసార్లు నిదానంగా హారను మోగించేవాడు. ఎవరు నేర్పారో తెలియదు గాని అది ఊరి కట్టుబాటైపోయింది. డ్రైవరు మారినా హారను మారేది కాదు. మూడో హారను ముగిసేసరికి హాళ్ల కిటికీలలోంచి కాగితాలు వెనుక పెరట్లోకి పడేవి. అక్కడ మెస్సు యజమాని పంపిన మనిషి చీపురుతో సిద్ధంగా ఉండేవాడు. స్క్వాడువారు జీపు దిగి, ముఖం కడుక్కుని లోపలికి వచ్చేసరికి, ఊడ్చిన పెరడు, వంచిన తలలు తప్ప వారికేమీ దొరికేది కాదు. కిటికీ దగ్గర చేయి ఎవరిదో నేను తేల్చుకునేలోగా అన్ని చేతులూ కలాలు పట్టుకుని ఉండేవి.

నేను చెప్పబోయే ఏడాది మొదట్లో ప్రిన్సిపాలు గారికి విశ్వవిద్యాలయం నుంచి ఒక ఉత్తరం వచ్చింది. ఇన్నేళ్లుగా మీ కేంద్రంలో ఒక్క కాపీ కేసైనా నమోదు కాకపోవడం నమ్మదగినదిగా లేదు, ఈసారి కూడా ఇలాగే ఉంటే కేంద్రాన్ని వేరే ఊరికి మారుస్తాము అని దాని సారాంశం. ఉత్తరం ఆఫీసు గది దాటిన పూటకే ఊరంతా తెలిసింది. అద్దె గదులవారు, మెస్సులవారు, స్టేషనరీ దుకాణాలవారు కలిసి ప్రిన్సిపాలు గారిని చూసి వచ్చారు. వారు ఏమి కోరారో నాకు తెలియదు. తరువాత జరిగినదాన్ని బట్టి ఊహించగలను.

ఆ ఏప్రిల్‌లో కాంపౌండరు గారి ముందుగదిలో వినగడప నుంచి ఒక పంతులమ్మ దిగింది. వయసు నలభైకి దగ్గర. కూలిపని చేసుకునే క్రైస్తవ కుటుంబంలో పుట్టి, మిషను బడిలో చదువుకుని, సొంత ఊరి సమితి బడిలోనే టీచరైంది. ఈ వివరాలు కాంపౌండరు గారే నాకు చెప్పారు. ఆయన ఆమెను అడిగి తెలుసుకున్నవి కొన్ని, అడగకుండానే తెలుసుకున్నవి కొన్ని. బి.ఏ.లో ఆమె అన్ని పేపర్లూ పాసై ఇంగ్లీషు ఒక్కటే తప్పింది. రెండుసార్లు వేరే సెంటరులో రాసింది, రెండుసార్లూ పోయింది. పాత సిలబస్ వారికి ఇదే ఆఖరి అవకాశమని ఆ ఏడు ప్రకటించారు. ఈసారి కూడా పోతే అంతవరకు పాసైన పేపర్లేవీ చెల్లవు, మొదటినుంచి మళ్లీ కట్టుకోవాలి. డిగ్రీ చేతికి వస్తేనే బి.ఎడ్., అది ఉంటేనే హైస్కూలు ఉద్యోగం. అయిదేళ్ల చదువు ఆ ఒక్క పూట మీద నిలిచి ఉంది.

పరీక్షకు రెండు రోజుల ముందు ఉదయం వీధి కుళాయి దగ్గర ఆమె నన్ను చూసి, బిందె పక్కన పెట్టి, ఇంగ్లీషు పేరాను మూడో వంతుకు కుదించి రాసేటప్పుడు సొంత మాటలు వాడవచ్చునా అని అడిగింది. అది ఏ విద్యార్థి అయినా అడగవలసిన ప్రశ్న. పరీక్షలు ముగిసేవరకు అభ్యర్థులతో మాట్లాడే అలవాటు నాకు లేదని చెప్పి వచ్చేశాను. నన్ను మంచి చేసుకోవడానికి వేసిన ఎత్తు అనుకున్నాను. కాంపౌండరు గారు అరుగు మీద నుంచి అంతా చూశారు.

"జాగ్రత్తండి మాస్టారూ," అన్నారు నాతో, ఆమెకు వినబడేలాగానే. "చదివేది తక్కువ, కళ్లు మూసుకుని కూర్చునేది ఎక్కువ. ఏం కంఠతా పడుతుందో ఆ దేవుడికే తెలియాలి."

ఇంగ్లీషు పరీక్షనాడు ఆమె నా హాలులో మూడో వరుసలో, కిటికీకి దూరంగా కూర్చుంది. మొదటి గంట ప్రశాంతంగా గడిచింది. ఆ తరువాత కళాశాల మలుపులో బస్సు హారను మోగింది. మొదటిదానికే హాలంతా కదిలింది. కుర్చీలు జరిగాయి. రెండోదానికి కిటికీ వైపు నుంచి కాగితాల చప్పుడు. నేను అటు తిరగలేదు. ఎందుకంటే మొదటి హారనుకే మూడో వరుసలో పంతులమ్మ కుడిచేయి కలం వదిలి రొంటికి వెళ్లింది. చీర కుచ్చెళ్ల పక్కన దోపుకున్న దేనినో గట్టిగా పట్టుకుని, అలాగే ఉండిపోయింది. విసరలేదు, తీయలేదు, పట్టుకున్నది.

నేను వెళ్లి ఆమె బల్ల ముందు నిలబడ్డాను. అదేమిటని అడిగాను. ఆమె రొంటిలోంచి చేతిరుమాలు తీసి, దాని మడతలో ఉన్న చిన్న అట్టముక్కను నాకిచ్చింది.

"వాగ్దానమండి," అన్నది.

ప్రొటెస్టెంటు కుటుంబాలలో ఒక ఆచారం ఉంది. కొత్త సంవత్సరం మొదటి ఆరాధన చివర పాస్టరు గారు ఒక పళ్లెంలో చిన్న అట్టముక్కలు బోర్లించి తెస్తారు. ఒక్కొక్కదానిమీద ఒక బైబిలు వాక్యం అచ్చువేసి ఉంటుంది. కళ్లు మూసుకుని ఒకటి తీసుకోవాలి. చేతికి వచ్చినది ఆ ఏటికి దేవుడు వారికిచ్చిన వాగ్దానం. సంవత్సరమంతా దాన్ని దగ్గర ఉంచుకుంటారు. ఈ సంగతి నాకు తెలుసు, మా కళాశాలలోనే ఒక సహోద్యోగి తన పర్సులో ఉంచుకునేవాడు. అందుచేత అచ్చువేసిన వైపు చూసి నేను ఊరుకోవలసింది. నా అలవాటు ప్రకారం వెనక్కి తిప్పాను. వెనుక పెన్సిలుతో, చాలా చిన్న అక్షరాలతో, ఒకదాని కింద ఒకటిగా తొమ్మిది పేర్లు రాసి ఉన్నాయి.

"పిల్లల పేర్లండి," అన్నది ఆమె. "మా బళ్లో పిల్లలు."

వ్యాసంలోని అంశాల మొదటి అక్షరాలను పేర్ల వరుసలాగా రాసుకుని వచ్చిన ఒక గుమాస్తాను అంతకు ముందు ఏడాదే నేను పట్టుకుని, కాగితం చింపి, కేసు రాయకుండానే బయటకు పంపాను. పిల్లల పేర్లైతే పరీక్ష హాలుకు ఎందుకు తెచ్చారని అడిగాను. ప్రార్థనకని చెప్పింది. హారను మోగగానే చేయి ఎందుకు వెళ్లిందని అడిగాను.

"అందరూ ఒక్కసారి కదిలేసరికి భయమేసిందండి. భయమేస్తే పట్టుకుంటాను. అలవాటండి."

ఆ హారనుకు అర్థమేమిటో ఆ హాలులో ఆమె ఒక్కదానికే తెలియదని నాకు అప్పుడు తోచలేదు.

స్క్వాడు నుంచి ఇద్దరు వచ్చారు. పెద్దాయన వరుసల మధ్య ఒకసారి నడిచి, కిటికీలోంచి ఊడ్చిన పెరటిని చూసి, ఏమీ దొరకదని ముందే తెలిసినవాడిలా గుమ్మం వైపు తిరిగాడు. అట్టముక్క నా గుప్పిట్లో ఉంది. ఎవరూ నన్ను అడగలేదు. ఆయన ఒక కాలు వరండాలో పెట్టాడు కూడా. నేనే పిలిచాను.

"సార్. ఒకటుంది."

ఆ మాటను నేను ధర్మంగానే అన్నానని చాలాకాలం నమ్మాను. నిబంధన స్పష్టంగా ఉంది: చేతిరాత ఉన్న కాగితం ఏదైనా అభ్యర్థి దగ్గర ఉండరాదు. ఆమె నావైపు చూసిందే గాని బతిమాలలేదు. కేసు రాశారు. ఆమె సంతకం చేసి, రాసినంతవరకు పేపరు ఇచ్చి, వరండాలో చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. రిపోర్టులో ఒక గడి ఉన్నది: దొరికిన కాగితానికి ప్రశ్నపత్రంతో సంబంధం ఉన్నదా? ఆ గడిలో నేను 'పరిశీలించవలసి ఉన్నది' అని రాశాను. కాగితం రిపోర్టుతోపాటు విశ్వవిద్యాలయానికి పోతుంది కనుక, పరిశీలన కోసం ఆ తొమ్మిది పేర్లనూ నా జేబు పుస్తకంలో ఎక్కించుకున్నాను.

ఆ సాయంత్రం మెస్సులో యజమాని స్వయంగా వచ్చి నా విస్తట్లో నెయ్యి వడ్డించాడు. అంతకు ముందు ఎన్నడూ లేని మర్యాద. ఒక కేసు పడింది కాబట్టి ఇక సెంటరు పోదని, ఊరి పరువు నేను నిలబెట్టానని అన్నాడు. తింటున్న అభ్యర్థులలో కొందరు నన్ను చూసి తలలూపారు. వారిలో ఇద్దరు నా హాలు కిటికీ పక్కన కూర్చునేవారు. ఇంటికి వెళ్తుంటే కాంపౌండరు గారు అరుగు మీద నుంచి పలకరించారు. పంతులమ్మ మధ్యాహ్నమే గది ఖాళీ చేసి వెళ్లిందట.

"అంత పెద్ద వలేశారు, పరకపిల్ల పడిందేంటండి మాస్టారూ?" అన్నారు. "కొర్రమీన్లన్నీ మెస్సులో కూర్చుని మజ్జిగ తాగుతుంటే."

ఆ మాటకు నాకు కోపం వచ్చింది. అది నిజమా కాదా అన్నది తేలకుండా వదలడం నా స్వభావం కాదు. గడిలో నేను రాసిన వాక్యం అసంపూర్ణంగా ఉంది. వారం తిరగకముందే ఒక రోజు సెలవు పెట్టి, పొద్దున్నే గంపలగూడెం బస్సెక్కి, అక్కడినుంచి అద్దె సైకిలు మీద వినగడప చేరాను. ఆమె అబద్ధమాడిందని రుజువు చేయడానికే వెళ్లానని ఇప్పుడు ఒప్పుకోవడం మంచిది.

ఒంటిపూట బడి. రెండు గదుల పెంకుటిల్లు. హెడ్మాస్టరు ముసలివాడు, నన్ను ఇన్‌స్పెక్టరు అనుకుని కంగారుగా కుర్చీ వేశాడు. పంతులమ్మ నన్ను గుర్తుపట్టి, చేతిలోని సుద్దముక్క బల్లమీద పెట్టి, పక్కకు జరిగి నిలబడింది. నేను వచ్చిన పని చెప్పాను. ఆ పేర్లు ఎవరివో మీరే చెప్పండి అన్నాను.

"మీరే పిలవండి సార్," అన్నది. "నేను చెబితే మీరు నమ్మరు."

నేను జేబు పుస్తకం తీసి మొదటి పేరు పిలిచాను. పిల్లలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఎవరూ పలకలేదు. రెండో పేరు పిలిచాను. ఎవరూ లేవలేదు. మూడు, నాలుగు. ప్రతి పేరు తరువాత ఆగి, గది ఈ మూల నుంచి ఆ మూల దాకా చూశాను. తొమ్మిదో పేరు వరకు ఒక్క చేయి లేవలేదు, ఒక్క గొంతు పలకలేదు. ఆ క్షణంలో నాకు కలిగినది సంతోషం. నా అనుమానం నిజమైంది, నేను చేసిన పని సరైనది, కాంపౌండరు గారికి సమాధానం దొరికింది. ఇంతకాలం తరువాత కూడా ఆ సంతోషం నాకు స్పష్టంగా గుర్తుంది.

అప్పుడు ముందు వరుసలో నేలమీద కూర్చున్న ఒక ఆడపిల్ల లేచి నిలబడింది.

"వాళ్లు బడికి రారండి," అన్నది. "వాడు గొడ్లకాడికి పోతాడు. ఆ రెండోది మా అక్కండి. మిరపకోతలకి పోయింది, అయినాక మానేసింది."

ఆ తరువాత పిల్లలందరూ ఒక్కసారిగా అందుకున్నారు. ఫలానావాడు విస్సన్నపేటలో మామిడితోట కాపలాకు వాళ్ల నాన్నతో వెళ్లాడు. ఫలానా అమ్మాయి తమ్ముణ్ణి ఎత్తుకుంటుంది, ఇల్లు బడి వెనకే, కావాలంటే పిలుచుకొస్తాం. తొమ్మిది పేర్లకూ తొమ్మిది జవాబులు వచ్చాయి. హెడ్మాస్టరు హాజరు పట్టీ తెచ్చి చూపించాడు. ఆ తొమ్మిది పేర్లకు ఎదురుగా, ఒక తేదీ తరువాత, గళ్లన్నీ వరుసగా సున్నాలే. బడి మానేసిన పిల్లలను ఆమె తన ఏటి వాగ్దానం వెనుక రాసుకున్నది.

"చెప్పవలసిందమ్మా," అన్నాను.

"చెప్పానండి."

హెడ్మాస్టరు మజ్జిగ ఇవ్వబోతే తాగకుండా వచ్చేశాను. తాగే అర్హత లేదని కాదు. ఏమీ పుచ్చుకోకుండా రావడం నా నియమం. దారిలో గొడ్లు కాస్తున్నవాణ్ణి ఒకణ్ణి ఆపి పేరడిగాను. జాబితాలో మొదటి పేరు చెప్పాడు.

మరునాడు ప్రిన్సిపాలు గారి దగ్గరకు వెళ్లి అదనపు రిపోర్టు ఇచ్చాను. కాగితానికి ప్రశ్నపత్రంతో ఏ సంబంధమూ లేదని, స్వయంగా విచారించి తెలుసుకున్నానని అందులో రాశాను. ఆయన రెండుసార్లు చదివి, బల్లమీద పెట్టి, దానిమీద పేపర్‌వెయిట్ ఉంచారు.

"మీకు తెలియనిది కాదు కదండి," అన్నారు. "ఇన్నేళ్లకు ఒక కేసు రాశాం. ఇప్పుడు అది కేసు కాదని మనమే రాస్తే, మిగిలేదేంటి? సున్నా. సెంటరు పోతుంది."

తలుపు వేసి వచ్చి, ఇంకొంచెం మెల్లగా, ఆమె ఎలాగూ రెండుసార్లు తప్పిన మనిషేనని అన్నారు. పంపించమని నేను మళ్లీ అడిగాను. చూద్దామన్నారు. వారం తరువాత ఏదో పనిమీద ఆ గదిలోకి వెళ్తే నా కాగితం అదే పేపర్‌వెయిట్ కింద ఉన్నది. ఆ సాయంత్రం పోస్టాఫీసుకు వెళ్లి, దాని నకలును నేనే రిజిస్టరు పోస్టులో విశ్వవిద్యాలయానికి పంపాను. పై అధికారిని దాటి ఉత్తరం పంపడం నా ఉద్యోగంలో అదే మొదలు, అదే కడ. పోస్టు మాస్టరు చిరునామా చదివి నావైపు చూసిన చూపుతోనే ఊరికి కబురు వెళ్లిందని అర్థమైంది.

ఫలితాలు వచ్చినప్పుడు పేపరులో పాసైనవారి నంబర్లలో ఆమెది లేదు. 'నిలిపివేసినవి' అన్న వరుసలో ఉంది. నాలుగు నెలలు అలాగే గడిచాయి. దసరా సెలవుల తరువాత కళాశాలకు ఉత్తరం వచ్చింది: విచారణలో ఆరోపణ రుజువు కానందున అభ్యర్థి ఫలితం విడుదల చేయడమైనది. ఇంగ్లీషులో ఆమె పాసైంది. గంటసేపు మాత్రమే రాసిన పేపరుతో ఎలా పాసైందని ఊరు అడిగింది. ఆ గంటలోనే ఆమె పాసు మార్కులకు చాలినంత రాసిందని నేను చెప్పినా వినేవారు లేరు.

ఆ మరుసటి ఏప్రిల్‌కు పరీక్షా కేంద్రాన్ని వేరే ఊరికి మార్చారు. నా ఉత్తరం వల్ల మార్చారో, మార్చాలని ముందే అనుకున్నారో తెలియదు. ఊరికి మాత్రం తెలుసు. కాంపౌండరు గారు ఇత్తడి చెంబులు మళ్లీ బయట పెట్టుకుని, నన్ను చూసి అరుగు మీద నుంచి లేచి లోపలికి వెళ్లడం మొదలుపెట్టారు. మెస్సు యజమాని విస్తరి వేసేవాడు గాని, మజ్జిగ అడిగితే వినిపించుకునేవాడు కాదు. ఆమె ఇంటినుంచి నాకు మామిడికాయల గంప వచ్చిందని ఒకరు, గంప కాదు ఇంకేదో అని ఒకరు చెప్పుకున్నారు. ఇదంతా నా చెవిన వేసినవాడు మా కళాశాల అటెండరు. ఊరి మాటను ఆయన యథాతథంగా అప్పజెప్పాడు.

"పట్టించిందీ ఆయనే, విడిపించిందీ ఆయనే, మధ్యలో ఏం నడిచిందో అంటున్నారండి."

వెనుక జేబులు తడిమి, కట్లు విప్పించి, ప్రతి మనిషినీ ముందు దోషిగా చూసిన నేను, నన్ను అలా చూస్తే ఎలా ఉంటుందో అప్పుడు తెలుసుకున్నాను. సమాధానం చెప్పుకునే చోటు ఎక్కడా ఉండదు. ఎవరూ ముఖం మీద అడగరు.

ఆమెను మళ్లీ రెండేళ్ల తరువాత తిరువూరు బస్టాండులో చూశాను. గంపలగూడెం బస్సు కోసం బెంచీమీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది. పెద్దవారిని చూసి లేచే మర్యాదే తప్ప అందులో ఆప్యాయత లేదు. కూర్చోమని చెప్పి నేనూ కూర్చున్నాను. బి.ఎడ్. పూర్తయిందని చెప్పింది. సీటుకు ఇంటర్వ్యూ ఎలా జరిగిందని అడిగాను.

"ఏ సెంటరని అడిగారండి. తిరువూరన్నాను. నవ్వారు. ఆ యేడు అక్కడ పట్టుబడింది నేనొక్కదాన్నేనండి అని చెప్పాను. ఇంకా నవ్వారు. సీటిచ్చారు."

చెబుతున్నప్పుడు ఆమె నవ్వలేదు. తరువాత ఆమె, చాలాకాలంగా అడగాలనుకున్నదాన్ని అడిగినట్టు, ఆ కార్డు తిరిగి వస్తుందా సార్ అన్నది. తీర్పు వచ్చాక కాగితాలు ఫైలులోనే ఉంచుతారని, అడిగి చూశాను, ఇవ్వలేదని చెప్పాను. తరువాతి ఏళ్లలో వేరే కార్డులు వచ్చాయి గాని, ఆ తొమ్మిదిమందిలో ముగ్గురు మళ్లీ బడికి వచ్చారని, మిగతా ఆరుగురి పేర్లూ ఆ కార్డు వెనకే ఉండాలని తన మనసుకు అనిపిస్తుందని చెప్పింది.

నా కోటు లోపలి జేబులో ఆ పాత జేబు పుస్తకమే ఉన్నది. దాన్ని ఎందుకు మార్చలేదో నాకు తెలుసు గనుక ఇక్కడ రాయను. ఆ పేర్లున్న పేజీని జాగ్రత్తగా చింపి ఆమెకిచ్చాను. సాక్ష్యంగా రాసుకున్న తొమ్మిది పేర్లు, నా దస్తూరిలో, తేదీతో సహా.

ఆమె వెంటనే అందుకోలేదు. బస్సు వచ్చి ఆగింది, కండక్టరు పిలుస్తున్నాడు. అప్పుడు తీసుకుని, పేర్లు చదివి, కాగితాన్ని వెనక్కి తిప్పి ఆ వైపు కూడా చూసింది. ఆ వైపు ఏ వాక్యమూ లేదు. మళ్లీ ముందుకు తిప్పి, మరొక్కసారి వెనక్కి తిప్పి, చేతిరుమాలు మడతలో పెట్టుకుని బస్సెక్కింది.